గోడ లోపలి బొమ్మ

ఆ పొద్దున ఆకాశం తెరిపి ఇచ్చీ ఇవ్వనట్టు ఉంది. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున ఆగింది గానీ, మబ్బు మాత్రం కొండ నెత్తిన కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. తూర్పు పక్క దుప్పటి చిరుగంత నీలం కనబడి, చూస్తుండగానే మూసుకుపోయింది. మేస్త్రి గుమ్మంలో కూర్చుని, చెప్పులకంటిన బురద పుల్లతో గీకుతూ అటే చూస్తున్నాడు.

"ఏంటయ్యా, పైకి అలా చూస్తున్నావు?" అంది భార్య లోపల్నించి.

"నీ మరిది చుట్టాలు దిగుతారేమోనని."

"దిగనీ. నీ చుట్టాలకంటే నయం. వాళ్ళు వచ్చి రాళ్ళు పేర్చి పోయారట. మీవాళ్ళు వస్తే నా గిన్నెలు ఖాళీ చేసి పోతారు."

మేస్త్రి నవ్వలేదు. లోపలి గదిలో తమ్ముడు అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. దువ్వుకోవడానికి ఆ తల మీద పట్టుమని పది వెంట్రుకలు లేవు. అయినా పావుగంటగా దువ్వుతూనే ఉన్నాడు, పైగా ఏదో కూనిరాగం.

తమ్ముడికి పుట్టుకతోనే తల పెద్దది. ఒళ్ళు ఎదిగింది గానీ ఆ తలకు తగ్గట్టు ఎదగలేదు. నుదురు ముందుకు పొంగి, దాని కింద కళ్ళు పెద్దవిగా, కాస్త కిందికి జారినట్టు ఉంటాయి. చేతులు పుల్లలు. బుద్ధికి ఏ లోటూ లేదు. ఆ సంగతి కనుక్కునేంత సేపు అతనితో ఎవరూ మాట్లాడలేదు, అంతే. బళ్ళో పిల్లలు గుమ్మడి అన్నారు. ఆ పేరే ఊరంతా పాకింది. కోపమొస్తే కన్నతల్లి కూడా అలాగే పిలిచేది. యాభై ఆరేళ్ళ వయసు వచ్చేదాకా తలకు తువ్వాలు చుట్టుకుని, నేలచూపులు చూసుకుంటూ తిరిగాడు. కొండమీది పాత కోటలో చీపురు పట్టుకుని ఊడ్చే పని దొరికితే, అక్కడైతే మనుషులకంటే రాళ్ళెక్కువ అని సంతోషపడ్డాడు.

మూడేళ్ళ కిందట పెద్ద వానలకు కోట లోపలి గోడ ఒకచోట ఉబ్బి, బయటి వరస రాళ్ళు కూలాయి. వాటి వెనక, గోడ కడుపులోంచి, ఒక బొమ్మ బయటపడింది.

నిలువెత్తు రాయి. దాని మీద ఒక ఆకారం. పెద్ద గుండ్రటి తల, తల మీద పై నుంచి కిందికి గాడులు, నడినెత్తిన నిక్కబొడుచుకున్న చిన్న కొమ్ము లాంటిది. పెద్ద పెద్ద కళ్ళు సగం మూతలు పడి ఉన్నాయి. సన్నటి చేతులు, చేతికి నాలుగేసి వేళ్ళు. ఆ ముఖంలో మాత్రం ఏదో ఉంది. చూసినవాళ్ళు మాట తగ్గించేవారు.

ఆ బొమ్మ సంగతి విని ఒకాయన వచ్చాడు. బూడిదరంగు గడ్డం, వెడల్పాటి టోపీ. అందరూ ప్రొఫెసర్ గారు అనేవారు. దేని ప్రొఫెసరో ఎవరూ అడగలేదు. మనుషులు ఇంకా గుహల్లో ముడుచుకుని పడుకునే రోజుల్లో చుక్కల్లోంచి వేరే జాతివాళ్ళు దిగారనీ, ఇంతలేసి రాళ్ళు ఎత్తి పేర్చింది వాళ్ళేననీ ఆయన చెప్పేవాడు. తల మీద గాడులు శిరస్త్రాణం మడతలట. నెత్తిన ఉన్నది, వచ్చిన చోటికి కబుర్లు పంపుకునే సాధనమట. మరి బొమ్మను గోడలో ఎందుకు పాతిపెట్టారు? మనకు తెలియకూడదని పాతిపెట్టారు! అలా ఆయన అడిగి ఆయనే చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టి వినేవారు.

మొదటిసారి వచ్చిన రోజే ఆయన కళ్ళు చీపురు పట్టుకుని పక్కన నిలబడ్డ తమ్ముడి మీద పడ్డాయి. బొమ్మను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, టోపీ తీసేశాడు. "అయ్యా, మీరు ఒక్కసారి ఆ తువ్వాలు తీస్తారా?" అన్నాడు.

తమ్ముణ్ణి 'మీరు' అన్న మొదటి మనిషి ఆయన.

అప్పట్నించి ప్రతి ఆదివారం ఒక బస్సు వస్తుంది. బస్సు నిండా జనం. తమ్ముడు తువ్వాలు లేకుండా బొమ్మ పక్కన నిలబడతాడు, అడిగినవాళ్ళకు జవాబులు చెబుతాడు, ఫొటోలు దిగుతాడు. వాళ్ళ రక్తం చుక్క ఎక్కడో మిగిలిపోయి, తరాలు దాటి మీలో తేలింది అన్నాడు ప్రొఫెసర్. తమ్ముడు నమ్మాడు. తన తల తప్పు కాదనీ, అలాంటి తలలున్నవాళ్ళు ఒకప్పుడు ఆకాశం దాటి వచ్చి కొండ మీద కోట కట్టారనీ చెబితే నమ్మకుండా ఎలా ఉంటాడు? ఇప్పుడు రొట్టెల కొట్టువాడి ముఖంలోకి చూసి మాట్లాడుతున్నాడు. ఇంట్లో జోకులు వేస్తున్నాడు. మొన్న వదినకు ఒక పూలమొక్క కొనుక్కొచ్చాడు.

మేస్త్రికి మాత్రం ఆ మూడేళ్ళూ గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టే గడిచాయి. ఆ బొమ్మ చెక్కింది అతనే.

రాతి పనివాళ్ళకు ఒక అలవాటు ఉంది. గోడలో పెట్టే రాయికి బయటి ముఖం సొంతదారుది, లోపలి ముఖం పనివాడిది. బయట ఎంత నునుపు చెయ్యమంటే అంత నునుపు చేస్తారు. గోడలోకి పోయే వైపు మాత్రం, ఎలాగూ ఎవడూ చూడడు కదా అని, తమ కసంతా గీసుకుంటారు. ఇంజనీరు పొట్ట, గుమస్తా ముక్కు, కాదని పోయిన ఆడమనిషి, అన్నీ అక్కడే. గోడ మూసుకున్నాక ఆ ఎగతాళి రాయి ఉన్నంతకాలం లోపల నవ్వుకుంటూ ఉంటుందని పాత పనివాళ్ళు అనేవారు.

ముప్పై అయిదేళ్ళ కిందట కోట మరమ్మతు జరిగినప్పుడు మేస్త్రికి ముప్పై. పగిలిన పాత రాళ్ళు తీసి కొత్తవి పెట్టే పని. తమ్ముడు అక్కడే నీళ్ళు మోసేవాడు. ఒక మధ్యాహ్నం తిండి తిన్నాక తమ్ముడు పరంజా కర్రల నీడలో వెల్లకిలా నిద్రపోయాడు, నోరు కొద్దిగా తెరుచుకుని. పనివాళ్ళలో ఒకడు, "చూడండ్రా, పాదు మీద గుమ్మడికాయ పండింది" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఇంకా నిలవాలని, మేస్త్రి బొగ్గుముక్క తీసి పక్కనున్న రాతి లోపలి ముఖం మీద నాలుగు గీతలు గీశాడు. గుమ్మడికాయ గాడులు పెట్టాడు. నెత్తిన తొడిమ పెట్టాడు. "కళ్ళు ఇంకా పెద్దవి చెయ్యి!" "వేళ్ళు నాలుగు చాలు, వాడికి ఐదెందుకు!" అని చుట్టూ చేరి ఎగదోశారు.

అప్పుడు ఉలి పట్టాడు. ఆ తర్వాతే ఏదో అయింది. మూడు రోజులు, ఇంజనీరు అటు తిరిగినప్పుడల్లా చెక్కాడు. తొడిమా గాడులూ ఎగతాళివే. ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎగతాళి మరిచిపోయింది. నిద్రపోతున్న తమ్ముడి కనురెప్పలు ఎలా ఉంటాయో, పెదవి ఎక్కడ విడుతుందో, చిన్నప్పట్నించి ఒకే చాపమీద పక్కన పడుకుని చూసినవాడికి తెలిసినట్టు తెలిసి, రాయి అలా రూపు కట్టింది. నాలుగో రోజు గొలుసులు కట్టి రాయిని గోడలోకి తోశారు. బొమ్మ లోపలికి, నునుపు బయటికి. అయితే బయట మళ్ళీ రెండో వరస కట్టాలని ఇంజనీరు మనసు మార్చుకోవడంతో, నునుపు గోడ అవతలి పక్కకు వచ్చేలా ఆ రాయిని తిప్పి, బొమ్మకు అడ్డంగా ఇంకో వరస పేర్చారు. వానలకు కూలింది ఆ వరసే.

బొమ్మ బయటపడిన రోజు మేస్త్రి ఆ సంగతి భార్యకు చెప్పాడు. ఆమె అతని నోరు మూయించింది.

ఇవాళ అతను చేతిసంచి భుజానికి తగిలించుకుంటుంటే ఆమె వచ్చి సంచిలో చెయ్యి పెట్టింది. పళ్ళ ఉలి బయటికి తీసింది. కొస దువ్వెనలా చీలి ఉండే ఉలి అది, అయిదు పళ్ళలో మూడోది విరిగిపోయి ఉంది.

"పని మానేసి ఎనిమిదేళ్ళయింది. ఇదెందుకు?"

"ఊరికే."

"ఊరికే ఉలి పట్టుకుని తిరుగుతారా ఎవరైనా? చెబుదామనుకుంటున్నావు కదూ."

మేస్త్రి ఉలి కోసం చెయ్యి చాచాడు.

"వాడు ఇన్నాళ్ళకు తలెత్తాడయ్యా. నీ మాటతో మళ్ళీ వంచేస్తావా?"

"మాట కాదే. నా పని. జన్మంతా మెట్లు చెక్కాను, గట్టురాళ్ళు చెక్కాను, గుమ్మాలకు గడపలు చెక్కాను. అన్నీ తొక్కేవే. చూసేది ఒక్కటే చెక్కాను. ఆ టోపీవాడు దాని ముందు నిలబడి, ఇది మనిషి చేతితో అయ్యేది కాదు అని వారం వారం అంటుంటే..."

"అంటే నిన్ను పొగిడినట్టే కదా?"

"ఎవడో పైనుంచి దిగినవాణ్ణి పొగిడినట్టు."

"నువ్వు దాన్ని ఎందుకు చెక్కావో కూడా చెప్పాలి మరి. చెప్పగలవా వాడి ముందు?"

ఉలి తీసుకుని సంచిలో వేసుకున్నాడు. తమ్ముడు గదిలోంచి వచ్చి, "పదన్నా, బస్సు వచ్చే వేళైంది. నువ్వూ వస్తావా? మంచి జనం ఉంటారీవాళ" అన్నాడు. అతని ముఖం కడిగిన పళ్ళెంలా ఉంది.

కోటలో నేల ఇంకా తడిగా ఉంది. నలభై మందిదాకా వచ్చారు, చేతుల్లో మడిచిన గొడుగులు. బొమ్మ ముందు తాడు కట్టి ఉంది. తాడుకు అటువైపు తమ్ముడు, ప్రొఫెసర్. మేస్త్రి జనం వెనక, ఒక రాతి దిమ్మ మీద కూర్చున్నాడు. ఆ దిమ్మ కూడా అతను చెక్కిందే. దాన్ని ఎవరూ చూడలేదు.

ప్రొఫెసర్ చెప్పాల్సింది చెప్పాడు. తర్వాత జనం తమ్ముణ్ణి ప్రశ్నలు అడిగారు. రాత్రిళ్ళు కలలో ఏం కనిపిస్తుంది? చుక్కలు చూస్తే ఏమనిపిస్తుంది? తమ్ముడు తాపీగా, ఒక్కో మాట తూచి చెప్పాడు. చిన్నప్పుడు అందరూ ఏడిపించేవారని కూడా చెప్పాడు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

"మరి మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ రక్తం వచ్చిందా? అన్నదమ్ములకు?" అని ఒకతను అడిగాడు.

తమ్ముడు జనం మీదుగా చూసి, మేస్త్రిని కనిపెట్టి, నోరారా నవ్వాడు. "అడుగో మా అన్న. ఆయన వట్టి మనిషే, పాపం!"

అందరూ వెనక్కి తిరిగి నవ్వారు.

"రాతి పనే చేశాడు జన్మంతా. మెట్లు చెక్కేవాడు. బాగానే చెక్కేవాడు లెండి, ఎవరూ జారిపడలేదు." మళ్ళీ నవ్వు. తమ్ముడికి ఊపు వచ్చింది. "ఈ ముఖం చూడండి, ఆ మెట్లు చూడండి. ఏడు జన్మలెత్తినా ఇలాంటిది మా అన్న వల్ల కాదు. ఏమన్నా, అబద్ధమా?"

నలభై మంది నవ్వారు. ఆ నవ్వులో విషం లేదు. తమ్ముడి మాటలో కూడా లేదు. జన్మలో మొదటిసారి నలుగురిలో అన్నను ఆటపట్టించాడు, అందరి అన్నదమ్ముల్లాగే. మేస్త్రికి అదేమీ పట్టలేదు. లేచాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి తాడు దాటాడు.

"అది గుమ్మడికాయ" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"నెత్తిన ఉన్నది తొడిమ. ఆ గీతలు గుమ్మడికాయ గాడులు. ముప్పై అయిదేళ్ళ కిందట ఇక్కడ మరమ్మతు జరిగినప్పుడు నేను చెక్కాను. వీణ్ణి చూసి చెక్కాను. మా తమ్ముణ్ణి. వీడు నిద్రపోతుంటే బొగ్గుతో గీశా. నవ్వుకోవడానికి. వీణ్ణి ఊళ్ళో గుమ్మడి అంటారు."

సంచిలోంచి ఉలి తీశాడు. బొమ్మ మెడ పక్కన, నునుపు చెయ్యకుండా వదిలేసిన చోట, రాతి మీద సన్నటి గీతలు వరసగా ఉన్నాయి. రెండు గీతలు, ఖాళీ, రెండు గీతలు. ఉలి కొస అక్కడ ఆనించాడు. సరిగ్గా కూర్చుంది.

"మూడో పన్ను విరిగింది. ఇదిగో. చూసుకోండి ఎవరైనా."

ప్రొఫెసర్ వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఉలినీ గీతలనూ చాలాసేపు చూశాడు. లేచేసరికి ఆయన ముఖం కొద్దిగా పాలిపోయి ఉంది. అయినా గొంతు మెత్తగానే ఉంది.

"మేస్త్రి గారూ, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. అంతకుముందు ఇలాంటి ముఖం ఎప్పుడైనా చెక్కారా?"

"లేదు."

"ఆ తర్వాత?"

"లేదు."

"మరి ఆ మూడు రోజులు ఎలా చెక్కగలిగారు?"

పనిని గురించి అబద్ధం చెప్పడం మేస్త్రికి చేతకాదు. పైగా ఆ ప్రశ్న అడిగేవాడు దొరకాలని ముప్పై అయిదేళ్ళుగా ఎదురుచూశాడు.

"నాకూ తెలియదు. ఆ మూడు రోజులు చెయ్యి ఎక్కడా తప్పలేదు. నేను చెక్కుతున్నట్టు లేదు. దానంతట అదే పోయింది."

ప్రొఫెసర్ జనం వైపు తిరిగాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

"విన్నారా! దానంతట అదే! ఒక మామూలు మెట్ల పనివాడు. ముందూ చెక్కలేదు, వెనకా చెక్కలేదు. ఆ మూడు రోజులు మాత్రం అతని చెయ్యి ఇంకెవరో పట్టుకున్నారు. వాళ్ళు వేల ఏళ్ళ కిందట వచ్చి పోయారనుకున్నాం. ఇంకా ఇక్కడే ఉన్నారు!"

మొదట ఒకడు చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ. "కాదయ్యా, నేను చెక్కాను, నేనే" అని మేస్త్రి అంటూనే ఉన్నాడు. కళ్ళు తుడుచుకున్న ఆవిడ తాడు దాటి వచ్చి, ఒకసారి తాకవచ్చా అని అడిగి, ఉలిని వేలితో తాకి కళ్ళు మూసుకుంది. ఒకతను మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు. అక్కడున్న నలభై మందిలో ఒక్కరూ అతని మాట నమ్మలేదు.

నమ్మింది తమ్ముడు ఒక్కడే.

అతను బొమ్మను చూడటం లేదు. అన్నను చూస్తున్నాడు. ఆ సందడి మధ్య దగ్గరికి వచ్చి, ఇద్దరికే వినబడేలా అడిగాడు.

"రాయి మీద గోనె కప్పి ఉంచేవారు. నేను బక్కెట్టు తెచ్చి పెట్టి, ఏంటన్నా అది అంటే అందరూ నవ్వేవారు. అదేనా?"

"అదే."

"దుమ్ము కడగడానికి ఆ నీళ్ళు నేనే మోశాను."

"అవును."

"నువ్వూ నవ్వావు."

మేస్త్రి ఉలి పళ్ళ మీద బొటనవేలు రాస్తూ నిలబడ్డాడు. నవ్వింది నిజం. ముఖం బాగా కుదిరిందిరా, అందులో ఎగతాళి లేదురా అని చెప్పాలనిపించింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"ఏడు జన్మలెత్తినా నా వల్ల కాదన్నావుగా. ఇప్పుడేమంటావు?"

తమ్ముడు తల ఊపాడు, సరుకు ముట్టిందని చెప్పేవాడిలా. "బాగా చెక్కావన్నా" అన్నాడు.

ఫొటోల వేళ అయింది. ప్రొఫెసర్ పిలిచాడు. తమ్ముడు వెళ్ళి ఎప్పుడూ నిలబడే చోటనే, బొమ్మ పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చి పక్కన నిలబడ్డారు. "కొంచెం తల ఎత్తండి" అన్నారు. "ఇటు చూడండి సార్, పైకి, కొంచెం పైకి." ప్రొఫెసర్ వచ్చి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మెల్లగా లేపాడు. వేళ్ళు తీయగానే తల మళ్ళీ వాలింది. నలభై మందికి నలభై ఫొటోలు అలాగే తీశారు. ఎవరూ చాలన్న మాట అనలేదు. దూరం నుంచి వచ్చినవాళ్ళు కదా.

ఇంటికి దిగేటప్పుడు మేస్త్రి ముందు, తమ్ముడు పదడుగులు వెనక. రొట్టెల కొట్టు ముందు కొట్టువాడు, "ఏంటి సార్, ఈవాళ జనం బాగా వచ్చారా?" అని కేక వేశాడు. వెనక నుంచి జవాబు వినబడలేదు. మేస్త్రి తిరిగి చూడలేదు.

భార్య గుమ్మంలోకి వచ్చింది. మొగుడి ముఖం చూసింది, దాటి వెనకొస్తున్న మరిదిని చూసింది. ఏం జరిగిందని అడగలేదు. లోపలికి వెళ్ళి మూడు పళ్ళేలు పెట్టింది, రొట్టెలు వేసింది, కూర వడ్డించింది. తన పళ్ళెం మరిది పక్కకు జరుపుకుని కూర్చుంది.

ముగ్గురూ తిన్నారు. కూరలో ఉప్పు లేదు. ఆమె వెయ్యడం మరిచిపోయింది. ఉప్పు గిన్నె మేస్త్రి చేతికి అందేంత దూరంలోనే ఉంది. అతను తీసుకోలేదు, వాళ్ళ వైపు జరపలేదు. వాళ్ళిద్దరూ అడగలేదు. చివరి ముక్కదాకా అలాగే తిన్నారు.